బ్రౌన్ బంగళా కూలింది.. గ్రంథాలయమై నిలిచింది

శిథిలమైన గ్రంథాలకు ప్రాణం పోసిన ఇల్లు
చేజారకుండా కాపాడుకున్న కడప సాహితీపరులు

పరిగి: తెలుగు పద్యాన్ని చెదల నోటి నుంచి తప్పించిన మహనీయుడు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. ఆయన ఆ పని సాగించిన కడప బంగళాకు మాత్రం కాలక్రమంలో అదే గతి పట్టింది. పైకప్పు పోయి, గోడలు కూలి శిథిలాలే మిగిలాయి. ఆ నేల అన్యాక్రాంతం కాకుండా సాహితీపరులు పూనుకోవడంతో నేడు అక్కడ గ్రంథాలయం వెలసింది. పాత మిద్దెలు ఒక్కొక్కటిగా నేలమట్టమవుతున్న ఈ రోజుల్లో ఆ ఇంటి కథ, ఆ మనిషి జీవితం తెలుసుకోదగినవి.

కలకత్తాలో పుట్టి.. కడపకు చేరి..

బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో జన్మించారు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యుడు, బహుభాషావేత్త. ఆయన 1812లో మరణించగా కుటుంబం ఇంగ్లండుకు తరలిపోయింది. అక్కడి హెయిలీబరీ కళాశాలలో ఈస్టిండియా కంపెనీ కొలువుకు శిక్షణ పొందిన బ్రౌన్ 1817 ఆగస్టులో మద్రాసులో అడుగుపెట్టారు. అప్పటివరకు ఆయనకు తెలుగు అక్షరం కూడా రాదు. వెలగపూడి కోదండరామ పంతులు వద్ద ఓనమాలు దిద్దుకుని, 1820లో కడప కలెక్టరు వద్ద సహాయకుడిగా చేరారు. కచేరీ వ్యవహారమంతా తెలుగులోనే సాగడంతో జనం మాట్లాడే భాష ఆయనకు త్వరలోనే పట్టుబడింది. అయితే కావ్యాలు చదవబోతే సరైన ప్రతులు దొరకలేదు. దొరికినవి తప్పుల తడకలు. ఒక ప్రతిలోని పాఠం మరో ప్రతిలో ఉండేది కాదు.

దారి చూపిన వేమన

మచిలీపట్నంలో పనిచేస్తున్న కాలంలో, 1824లో, ఫ్రెంచి మతప్రచారకుడు దుబాయ్ రాసిన పుస్తకం ద్వారా వేమన పేరు బ్రౌన్ దృష్టికి వచ్చింది. నాటి పండితులు వేమనను కవిగా లెక్కించేవారు కాదు. బ్రౌన్ ఆ మాటను పట్టించుకోక ఊరూరా వెదికించి తాటాకు ప్రతులను పోగుచేశారు. వాటి నుంచి 693 పద్యాలను ఎంచి, నీతి, అధిక్షేపం, తత్త్వం అని మూడు భాగాలుగా విభజించి, ఆంగ్లానువాదంతో 1829లో మద్రాసులో అచ్చువేయించారు. వేమన సమాధి ఉన్న కటారుపల్లి మన కదిరి సమీపంలోనిదే. బ్రౌన్ కాలంలో కదిరి తాలూకా కడప జిల్లాలో ఉండేది. 1910లో అది అనంతపురం జిల్లాలో కలిసింది. 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది.

ఇల్లే కళాశాల

1826లో మళ్లీ కడపకు వచ్చిన బ్రౌన్ విశాలమైన తోటతో కూడిన బంగళాను సొంత డబ్బుతో కొన్నారు. దానిని తన నివాసానికే పరిమితం చేయలేదు. అయోధ్యాపురం కృష్ణారెడ్డి పర్యవేక్షణలో పండితులను, లేఖకులను జీతాలిచ్చి నియమించారు. జూలూరి అప్పయ్య శాస్త్రి, వఠ్యం అద్వైత బ్రహ్మయ్య వంటి విద్వాంసులు ఆయన వెంట నిలిచారు. ఒక కావ్యానికి దొరికినన్ని తాటాకు ప్రతులు తెప్పించడం, వాటిని కాగితంపైకి ఎత్తి రాయించడం, పక్కపక్కన పెట్టి పోల్చడం, పండితుల చర్చతో పాఠాన్ని తేల్చడం, తేలిక తెలుగులో వ్యాఖ్య రాయించడం అక్కడి నిత్యకృత్యం. అందుకే ఆ ఇంటికి బ్రౌన్ కాలేజీ అన్న పేరు వచ్చింది. బ్రౌన్ బదిలీపై వెళ్లినా పని ఆగలేదు. ఖర్చులకు జీతం చాలక ఆయన అప్పులపాలయ్యారు. అయినా వెనుకంజ వేయలేదు.

ఆయన శ్రమతో వసుచరిత్ర, మనుచరిత్ర వంటి ప్రబంధాలు సవ్యాఖ్యానంగా అచ్చయ్యాయి. 1840లో వ్యాకరణం, 1852లో తెలుగు-ఇంగ్లిషు నిఘంటువు వెలువడ్డాయి. లండన్‌లోని ఇండియా హౌస్‌లో మూలపడి ఉన్న దక్షిణాది భాషల రాతప్రతులను మద్రాసుకు పంపేలా చేశారు. తాను సేకరించిన ప్రతులనూ మద్రాసుకే ఇచ్చివేశారు. అవి తర్వాత అక్కడి ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి చేరాయి. 1855లో ఇంగ్లండు వెళ్లిపోయిన ఆయన లండన్ విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడిగానూ పనిచేశారు. 1884 డిసెంబరు 12న కన్నుమూశారు.

మొండిగోడల నుంచి మళ్లీ..

బ్రౌన్ వెళ్లిపోయాక ఆయన బంగళాను పట్టించుకున్నవారు లేరు. వందేళ్లు గడిచేసరికి ఎర్రముక్కపల్లెలో శిథిలాలు మాత్రమే కనిపించేవి. బంగోరెగా పేరొందిన పరిశోధకుడు బండి గోపాలరెడ్డి బ్రౌన్ లేఖలను, జీవిత విశేషాలను వెలికితీయడంతో ఆయన పేరు మళ్లీ చర్చకు వచ్చింది. అనంతపురం జిల్లా రాయదుర్గంలో 1926లో పుట్టి, కడపలో స్థిరపడిన జానమద్ది హనుమచ్ఛాస్త్రి ఆ శిథిలాల చోట స్మారక గ్రంథాలయం కట్టాలని సంకల్పించారు. ట్రస్టు ఏర్పాటైంది. స్థలం సమకూరింది. 1987 జనవరి 22న పునాదిరాయి పడింది. చందాలు సేకరిస్తూ, అధికారుల చుట్టూ తిరుగుతూ ఆయన ఏళ్ల తరబడి శ్రమించారు. 1995లో గ్రంథాలయం ప్రారంభమైంది. అనంతర కాలంలో అది సి.పి.బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రంగా యోగి వేమన విశ్వవిద్యాలయంలో భాగమైంది. వేమనను లోకానికి చాటిన వ్యక్తి ఇంటి స్థలం వేమన పేరిట ఉన్న విద్యాసంస్థకే చేరడం విశేషం. హనుమచ్ఛాస్త్రి 2014లో మరణించారు.

కట్టడాన్ని కాపాడటానికి కడపవాసులు ఆలస్యంగా మేల్కొన్నారు. గోడలు దక్కలేదు. కానీ స్థలం దక్కింది, అందులో జరిగిన పని తిరిగి మొదలైంది. తాళపత్రాలు, పాత పుస్తకాలు అక్కడికి చేరాయి. కడప జిల్లా గ్రామాల చరిత్రను తెలిపే కైఫీయత్తులు అక్కడి నుంచే సంపుటాలుగా వెలువడ్డాయి.

పెనుకొండ గగనమహల్ వంటి రాచకట్టడాలను చూసుకోవడానికి పురావస్తు శాఖ ఉంది. పండితులు, కవులు, ఉపాధ్యాయులు నివసించిన మిద్దెలకు ఆ ఆసరా లేదు. పరిగి, హిందూపురం, ధర్మవరం ప్రాంతాల్లో అలాంటి ఇల్లు కూల్చవలసి వస్తే, ముందుగా అటకపై ఉన్న తాటాకు కట్టలను, పాత కాగితాలను తెలిసినవారికి చూపించడం మేలు. వాటిని గ్రంథాలయానికి అప్పగించవచ్చు. బ్రౌన్ కూడా తాటాకు ప్రతులను ఊరూరా వెదికించే పోగుచేశారు.