గాల్టన్ గారి గింజలూ, నా గ్రాఫూ

గత వేసవి సెలవుల్లో ఆర్ భాషలో రిగ్రెషన్ నేర్పే లావుపాటి పాఠ్యపుస్తకం ఒకటి లైబ్రరీ నుంచి తెచ్చుకుని ముందేసుక్కూర్చున్నాను. రెండక్షరాల ఆజ్ఞ టైపు చేస్తే చాలు, కంప్యూటరు క్షణంలో గీత గీసి పెడుతుంది. బహుళ ప్రతిగమనం, లాజిస్టిక్, రిడ్జి అంటూ అధ్యాయాలు దాటుకుపోయాను. లెక్క వచ్చింది. గీత గీసే ఈ పద్ధతికి వెనక్కి మళ్లడమనే అర్థం వచ్చే పేరెందుకు పెట్టారో మాత్రం అంతవరకూ ఎవర్నీ అడగలేదు. ముందే అడిగి ఉంటే నాకొక తలవంపు తప్పేది.

ఆ పేరు పెట్టినాయన ఫ్రాన్సిస్ గాల్టన్. 1822లో ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ దగ్గర కలవారింట పుట్టాడు. చార్లెస్ డార్విన్‌కు వరసకు సోదరుడు. ఇద్దరికీ తాతగారొక్కరే, ఆయన భార్యలే వేరు. గాల్టన్ వైద్యవిద్య మొదలుపెట్టి మధ్యలో వదిలేశాడు. కేంబ్రిడ్జిలో గణితం చదువుతూ ఆరోగ్యం చెడగొట్టుకుని, ఆనర్సు లేకుండా మామూలు డిగ్రీతో బయటపడ్డాడు. (మనలో కొందరికి ఈ సంగతి ఊరటగా ఉండొచ్చు.) తండ్రి ఆస్తి చేతికొచ్చాక నైరుతి ఆఫ్రికా తిరిగాడు, వాతావరణ పటాలు గీశాడు, 1892లో వేలిముద్రల మీద పుస్తకం రాశాడు. కంటబడ్డదాన్నల్లా కొలవడం ఆయనకు పిచ్చి.

1875లో స్వీట్ పీ అనే పూలమొక్క గింజల్ని బరువును బట్టి ఏడు తరగతులుగా వేరుచేసి, తరగతికి పది చొప్పున ఏడుగురు స్నేహితులకు పంపాడు. డార్విన్ కూడా వారిలో ఒకడు. వాళ్లు వాటిని నాటి, కాసిన గింజల్ని తిరిగి పంపారు. పెద్ద గింజల సంతానం సగటు కంటే పెద్దవే గాని తల్లి గింజలంత పెద్దవి కాలేదు. చిన్నవాటి సంతానమూ తల్లి గింజలంత చిన్నవి కాలేదు. రెండూ సగటు వైపే జరిగాయి!

మనుషుల్లోనూ ఇంతేనా అని 1884లో లండన్ ఆరోగ్య ప్రదర్శనలో కొలతల శాల తెరిచాడు. మూడు పెన్నీలిచ్చి మరీ 9,337 మంది కొలిపించుకున్నారు. కుటుంబాల వివరాలు పంపితే బహుమతులిస్తానని ప్రకటించి, 205 జంటలవీ, వారి 928 మంది ఎదిగిన పిల్లలవీ ఎత్తులు సేకరించాడు. ఆడవారి ఎత్తుల్ని 1.08తో హెచ్చించి మగవారి ఎత్తులతో సమానం చేశాడు. తల్లిదండ్రుల సగటు ఎత్తు అందరి సగటు కంటే అంగుళం ఎక్కువైతే, పిల్లలు సుమారు మూడింట రెండు వంతుల అంగుళమే ఎక్కువని తేలింది. 1886లో అచ్చయిన వ్యాసంలో దీన్నే రిగ్రెషన్ అన్నాడు. పేరు అలా వచ్చింది. 1888లో సహసంబంధం మీద రాశాడు. ఆ తర్వాత కార్ల్ పియర్సన్, యూల్ ఈ గణితాన్ని పెంచి పెద్దచేశారు.

ఇక నా సంగతి. నిరుడు మొదటి ఇంటర్నల్ పరీక్షలో అడుగున నిలిచిన కుర్రాళ్లకు మన యూనియన్ తరఫున సాయంకాలపు క్లాసులు పెట్టాం. లెక్కలు నేనే చెప్పాను. రెండో పరీక్షలో వాళ్ల మార్కులు పెరిగాయి. గ్రాఫు గీసి, మా కృషి ఫలితమని యూనియన్ గదిలో అంటించాను. అదే పరీక్షలో మొదటి ర్యాంకులవాళ్లకు మార్కులు తగ్గితే పొగరెక్కిందని తిట్టాం కూడా.

ఆర్‌లో గాల్టన్ గారి ఆ 928 కొలతలూ దొరుకుతాయి. వేసవిలో ఒకరోజు ఊరికే పటాన్ని తిరగేసి చూశాను. బాగా పొడుగైన పిల్లల తల్లిదండ్రులూ సగటుకు దగ్గరగానే ఉన్నారు. పిల్లలు పుట్టి అమ్మానాన్నల్ని పొట్టి చెయ్యలేదు గదా! అప్పుడు వెలిగింది. ఒకనాటి మార్కుల్లో తెలివితోపాటు ఆరోజు జ్వరమూ, వచ్చిన ప్రశ్నల అదృష్టమూ ఉంటాయి. అట్టడుగువాళ్లనే ఏరితే, మేం చాక్‌పీసు పట్టకపోయినా మర్నాటి పరీక్షకు వాళ్లు కొంత పైకొస్తారు. మా క్లాసులు దండగని కాదు. ఆ గ్రాఫు మాత్రం ఆ మాట చెప్పదు.

ఇంతటి సంగతి కనిపెట్టినాయనే మనుషుల్ని మేలుజాతి, నాసిజాతి అని ఏరాలన్నాడు. యుజెనిక్స్ అనే మాట 1883లో ఆయన పుట్టించిందే. 1911లో చనిపోతూ ఆ శాస్త్రానికి ఆచార్య పదవి కోసం లండన్ యూనివర్సిటీ కాలేజీకి ఆస్తి రాసిపోయాడు. ఆ సిద్ధాంతం పేరుతోనే తర్వాత అమెరికాలో, నాజీ జర్మనీలో లక్షలమందికి బలవంతంగా సంతానం లేకుండా చేశారు. 2020లో ఆ కాలేజీ తన ఉపన్యాసశాలకున్న గాల్టన్ పేరు తీసేసింది. తీసెయ్యడం న్యాయమేనని నా అభిప్రాయం. అయినా ఆయన్ని తిట్టేటప్పుడు నాకు నోరు పూర్తిగా పెగలదు. ఒక్క పరీక్ష చూసి, మందబుద్ధులని శీర్షిక పెట్టి పేర్ల జాబితా రాసింది నేనే. ఆ జాబితాలోని కుర్రాడొకడు క్లాసుకు ఒక్కరోజూ రాలేదు. ఎందుకో నేనూ అడగలేదు.

గ్రాఫు ఇంకా గోడమీదే ఉంది. దాని కింద సవరణ రాసి అంటించాను. జాబితా చింపేశాను. ఈసారి క్లాసులు కావాలన్నవాళ్ల పేర్లతో చీట్లు తీసి, సగం మందికి రెండో పరీక్షకు ముందు, మిగతావాళ్లకు ఆ తర్వాత చెబుతున్నాం. ఆ కుర్రాడింటికి కూడా వెళ్లొచ్చాను. చీటీ వెయ్యమన్నాడు.