వైద్యుని ఎన్నుకొనే విద్య నేర్పిన అల్-రాజీ

వ్యాధి సోకినపుడు ఎవరిని ఆశ్రయించాలి? పొరుగువారు పొగడిన వైద్యునినా, గొప్ప పేరున్న ఆసుపత్రినా, సంతలో మందులమ్మే వానినా? వేయి సంవత్సరాలకు పూర్వమే ఈ ప్రశ్నను లోతుగా ఆలోచించిన మహనీయుడు అబూబకర్ మహమ్మద్ ఇబ్న్ జకరియా అల్-రాజీ.

ఆయన క్రీ.శ. 865 ప్రాంతంలో, ఇరాన్ దేశంలో నేటి టెహరాన్ సమీపాన గల రయ్ నగరంలో జన్మించారు. ఆ ఊరి పేరే ఆయన పేరయింది. రయ్‌లోనూ, బాగ్దాదులోనూ ఆసుపత్రులకు అధిపతిగా పనిచేశారు. మశూచికి, తట్టుకు గల భేదాన్ని విశదపరచిన గ్రంథం ఆయనకు శాశ్వతకీర్తిని సంపాదించింది.

ఆయన కొలువుతీరే విధానాన్ని పదవ శతాబ్ది రచయిత ఇబ్న్ అల్-నదీమ్ వర్ణించారు. గురువు చుట్టూ శిష్యులు, వారి చుట్టూ ప్రశిష్యులు వలయాలుగా కూర్చొనేవారు. రోగిని ముందుగా వెలుపలి వలయంలోని వారు చూచేవారు. వారికి అంతుపట్టనిది లోపలి వలయానికి, అక్కడా తేలనిది గురువు వద్దకు చేరేది. చిన్న జబ్బుకు దగ్గరి వైద్యుడు, క్లిష్టమైన దానికి నిపుణుడు అనే నేటి క్రమానికి ఇది పూర్వరూపమే కదా! పేదలను ఆయన ఎంతో దయతో ఆదరించేవారు. వైద్యుడు అందుబాటులో లేనివారి కోసం, సులభంగా లభించే పదార్థాలతో చేసుకొనే చికిత్సలను ఒక ప్రత్యేక గ్రంథంలో పొందుపరిచారు. ఆహారంతో నయమయ్యే చోట ఔషధం వలదన్నది ఆయన సిద్ధాంతం.

రయ్ పాలకుడైన మన్సూరుకు అంకితమిచ్చిన గ్రంథంలో వైద్యుని పరీక్షించే పద్ధతిని తెలిపారు. అతడు తన కాలాన్ని గ్రంథపఠనంలో, రోగుల సేవలో గడిపాడా, లేక విలాసాలలో వ్యర్థపుచ్చాడా అన్నది ముందుగా విచారించాలి. నమ్మదగిన ఒక్క వైద్యుని ఎన్నుకొని అతనినే అంటిపెట్టుకోవాలని, పలువురి చుట్టూ తిరిగేవాడు పలువురి పొరపాట్లకూ గురియవుతాడని హెచ్చరించారు. జనం సమర్థులను విడిచి కపటవైద్యులను ఎందుకు ఆశ్రయిస్తారో కూడ ప్రత్యేకంగా చర్చించారు. ఎంతటి సమర్థుడైనా అన్ని వ్యాధులనూ నయం చేయలేడని నిస్సంకోచంగా అంగీకరించారు. కపటవైద్యుడు ఆ మాట ఎన్నడూ అనడు.

వృద్ధాప్యంలో ఆయన చూపు కోల్పోయారు. శస్త్రచికిత్సకు వచ్చిన వైద్యుని, కంటికి పొరలెన్ని అని అడిగారని, అతడు చెప్పలేకపోగా చికిత్సను నిరాకరించారని ఒక కథ ప్రచారంలో కలదు. కథలోని నిజమెంతైనా, అది ఆయన బోధకు తగినదే. 925 ప్రాంతంలో రయ్‌లోనే కన్నుమూశారు.

ఆయన వ్రాసి ఉంచుకొన్న విషయాలను మరణానంతరం కూర్చగా ఏర్పడిన మహాగ్రంథం అల్-హావీ. దాని అరబ్బీ మూలాన్ని 1955 నుండి సంపుటాలుగా అచ్చువేసిన ఘనత మన హైదరాబాదులోని దాయిరతుల్ మారిఫ్ సంస్థకు దక్కింది.

విద్యార్థులారా! రేపు మీ ఇంటివారు వైద్యుని గురించి మిమ్ములను సలహా అడిగితే, అతని భవనం ఎత్తును కాక, అతని చదువును, అనుభవాన్ని, తెలియనిది తెలియదని చెప్పే నిజాయితీని విచారించండి.