వేడి ఊటల అన్వేషి

భారతదేశంలోని వేడినీటి ఊటలను శ్రద్ధతో గుర్తించి, పట్టికగా కూర్చిన శాస్త్రవేత్త థామస్ ఓల్డ్‌హామ్. ఆయన 1816లో ఐర్లండులోని డబ్లిన్ నగరంలో జన్మించాడు. అక్కడి ట్రినిటీ కళాశాలలో భూగర్భశాస్త్ర ఆచార్యుడయ్యాడు. 1851లో కలకత్తా చేరి, భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు తొలి అధిపతిగా బాధ్యతలు స్వీకరించాడు.

బొగ్గు గనుల అన్వేషణ ఆ సంస్థకు ప్రధాన కర్తవ్యం. ఓల్డ్‌హామ్ అంతటితో తృప్తి చెందక, దేశమంతటి శిలలను క్రమంగా పరిశీలింపజేశాడు. ఆయన కింద పనిచేసిన విలియం కింగ్, సామర్లకోట నెలకొన్న గోదావరి జిల్లా తీరప్రాంతపు శిలలను వర్ణిస్తూ రచించిన గ్రంథం 1880లో వెలువడింది.

పాతికేళ్ల శ్రమ వల్ల ఆరోగ్యం క్షీణించగా, ఓల్డ్‌హామ్ 1876లో పదవీ విరమణ చేశాడు. ఊటల పట్టిక అచ్చుకాక మునుపే 1878లో ఇంగ్లండులో కన్నుమూశాడు. తండ్రి శ్రమ వృథా కారాదని కుమారుడు రిచర్డ్ ఆ పట్టికను పరిష్కరించి, 1882లో ప్రకటించాడు. అందులో సుమారు 300 ఊటలు చోటుచేసుకొన్నాయి.

తరువాతి కాలంలో రసాయనశాస్త్రం ఈ కృషిని ముందుకు నడిపింది. వేడి రాళ్లను తాకిన నీటిలో సిలికా అధికంగా కరుగుతుంది. సోడియంతో పోల్చితే పొటాషియం పాలు పెరుగుతుంది. పైకి వచ్చే త్రోవలో నీరు చల్లబడినా ఈ గుర్తులు వెంటనే చెరిగిపోవు. అందువల్ల బోరు వేసేటప్పుడు ఒక్కొక్క పొరలోని నీటిని పరీక్షించి, వేడినీరున్న పొరను పసిగట్టవచ్చు. గోదావరి లోయలోని మణుగూరు వద్ద బొగ్గు కోసం వేసిన బోర్ల నుండి వేడినీరు ఉబికి వచ్చింది. బొగ్గుతోపాటు ఊటలనూ లెక్కించిన ఓల్డ్‌హామ్ దూరదృష్టికి అది చక్కని నిదర్శనం.