ఎనుబది ట్రైల వీరుడు: ఆల్బర్ట్ రోజెన్‌ఫెల్డ్

క్రీడాకారుని కీర్తి మైదానమున పుట్టి మైదానముననే యంతరించునని లోకమున నొక యభిప్రాయము కలదు. కాలు చురుకుగా నున్నంతకాలము జనులు చప్పట్లు కొట్టుదురు. వయస్సు మీరగానే మరచిపోవుదురు. ఇది చాలవరకు నిజమే. కాని 1913-14 క్రీడా ఋతువున రగ్బీ లీగ్ ఆటయందు ఆల్బర్ట్ రోజెన్‌ఫెల్డ్ నెలకొల్పిన సంఖ్య నూఱేండ్లు దాటినను చెక్కుచెదరలేదు. ఆ సంఖ్య 80. దాని వెనుకనున్న మనుష్యుని జీవితము ఆ సంఖ్యకంటెను ఎక్కువగా తెలిసికొనదగినది.

రగ్బీ ఆటలో వచ్చిన చీలికను గుర్తింపనిదే యీ జీవితము బోధపడదు. ఉత్తర ఇంగ్లండులోని జట్లలో బొగ్గుగనులలోను, బట్టల మిల్లులలోను పనిచేయు కార్మికులు హెచ్చుగా నుండిరి. ఆటకై పని మానినచో వారికి ఆ పూట కూలి పోవును. పోయిన కూలిని సంఘము చెల్లింపవలెనని ఉత్తరాదివారు కోరిరి. ధనము ముట్టినచో క్రీడ మైలపడునని ఆటను శాసించు పెద్దలు నిరాకరించిరి. 1895 ఆగస్టు 29వ తేదీన హడర్స్‌ఫీల్డ్ పట్టణమందలి జార్జి హోటలులో ఉత్తరాది సంఘముల ప్రతినిధులు సమావేశమై వేరుపడిరి. అట్లు వేరుపడిన ఆటకే తరువాత రగ్బీ లీగ్ అను పేరు వచ్చెను. 1906లో జట్టునందలి ఆటగాండ్ర సంఖ్యను 15 నుండి 13కు తగ్గించిరి. మనుష్యులు తగ్గుటచే మైదానమున ఎడము పెరిగెను; పరుగెత్తువానికి దారి దొరకెను.

బంతిని చేతబట్టి ఎదుటివారి గీత దాటి నేలకు తాకించుటను ట్రై యందురు. ఆ రోజులలో ఒక్కొక్క ట్రైకి 3 పాయింట్లు వచ్చెడివి. జట్టు అంచున నిలిచి, చేతులు మారి వచ్చిన బంతి నందుకొని గీతవైపు దూసికొనిపోవువాడు వింగర్. రోజెన్‌ఫెల్డ్ పేరు నిలిచినది ఈ స్థానముననే.

అతడు 1885 జూలై 28వ తేదీన ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమున ఒక యూదు కుటుంబమున జన్మించెను. ఆటలో గాయపడి పని మానినవానికి దిక్కెవ్వరను ప్రశ్న ఆ నగరమునందును చెలరేగెను. తత్ఫలితముగా 1907లో అచ్చటను రగ్బీ లీగ్ సంఘ మేర్పడి, మరుసటి యేడు పోటీలు ప్రారంభమయ్యెను. రోజెన్‌ఫెల్డ్ ఈస్టర్న్ సబర్బ్స్ జట్టున, ప్రఖ్యాతుడైన డాలీ మెసెంజర్ సరసన ఆడెను. అప్పటి కతడు వింగర్ కాడు. జట్టు నడుమ నిలిచి ఆడువాడు. ఎత్తు 5 అడుగుల 5 అంగుళములు మాత్రమే. ఆ 1908లోనే, కంగారూలని పేరొందిన తొలి ఆస్ట్రేలియా జట్టుతో ఇంగ్లండుకు ఓడ యెక్కెను.

ఆ పర్యటన అతని జీవితమును మార్చివైచెను. హడర్స్‌ఫీల్డ్ పట్టణమున ఒక యువతితో పరిచయమై, అది ప్రేమగా మారి, పిమ్మట వివాహమున ముగిసెను. 1909లో అతడు ఆ పట్టణపు జట్టున చేరెను. ఏ పట్టణపు హోటలులో కార్మికుని కూలికై ఆట రెండుగా చీలెనో, ఆ పట్టణమే సముద్రముల కావలినుండి వచ్చిన యీ యువకునకు నివాసమయ్యెను. జట్టు పెద్దలు అతని వేగమును గుర్తించి అంచునకు మార్చిరి.

హడర్స్‌ఫీల్డ్ జట్టుకు హెరాల్డ్ వాగ్‌స్టాఫ్ నాయకుడు. వేల్సునుండి వచ్చిన బెన్ గ్రోనో, మల్లయోధుడు గూడ నైన డగ్లస్ క్లార్క్ మున్నగు సమర్థు లందుండిరి. బలముతో త్రోసికొని పోవుటకంటె బంతిని చేతినుండి చేతికి నేర్పుగా అందించుటయే వారి పద్ధతి. అట్లు పదిమంది శ్రమించి తెచ్చిన బంతిని గీత దాటించుట రోజెన్‌ఫెల్డ్ పని. 1911-12లో అతడు 78 ట్రైలు సాధించెను. రెండేండ్ల తరువాత తన సంఖ్యను తానే అధిగమించి, 42 ఆటలలో 80 సాధించెను. అనగా ఆటకు దాదాపు రెండు. ఒక్క ఋతువులో ఒక్కని ట్రైలవలననే 240 పాయింట్లు. 1952-53లో బ్రయన్ బెవన్ అను మఱియొక ఆస్ట్రేలియా వింగర్ 72 వరకు వచ్చి ఆగెను.

1914-15లో హడర్స్‌ఫీల్డ్ జట్టు తనకు సాధ్యమైన నాలుగు బహుమతులను గెలిచెను. కాని అప్పటికే ప్రపంచ యుద్ధము మొదలై యుండెను. జట్టునందలి లారెట్ రోబక్ 1914లోను, ఫ్రెడ్ లాంగ్‌స్టాఫ్ 1916లోను రణరంగమున కూలిరి. ప్రధానమైన పోటీలు 1915 తరువాత యుద్ధము ముగియువరకు నిలిచిపోయెను. రోజెన్‌ఫెల్డ్ సైన్యమున చేరి మెసపొటేమియాకు పోయెను. భారత సైనికులు వేలకొలది ప్రాణములు విడిచిన యుద్ధరంగమది. ముప్పదవ యేట ఆట నిలిచి, తిరిగివచ్చునప్పటికి వింగరునకు ముఖ్యమైన వయస్సు గడచిపోయెను. ఆ యేండ్లే దక్కియుండినచో ఆ లెక్క ఎంతవరకు పోయెడిదో ఊహకే విడువవలెను.

అయినను అతడు మరల ఆడెను. హడర్స్‌ఫీల్డ్ తరఫున మొత్తము 366 ట్రైలు సాధించి, 1921లో ఆ జట్టును విడిచి, వేక్‌ఫీల్డ్ ట్రినిటీ, బ్రాడ్‌ఫర్డ్ నార్దర్న్ జట్ల తరఫున ఆడి 1924లో విరమించెను.

విరమించిన పిమ్మట అతనికి భవనములు లేవు, భూములు లేవు. హడర్స్‌ఫీల్డ్‌లోనే యుండి, పురపాలక సంఘపు చెత్తబండి నడుపు ఉద్యోగము చేసెను. శనివారములందు ఏ జనులు తన పేరు కేకలు వేసిరో, వారి వీధులలోనే చెత్త నెత్తుకొనిపోయెను. దీనిని పతనమని తలంచువారు ఆ ఆట పుట్టుకనే మరచినవారు. కార్మికుని పూట కూలి గౌరవనీయమైనదను వాదముపై నిలిచిన క్రీడ యది. ఆ క్రీడలో అగ్రగణ్యుడైనవాడు కూలి చేసికొని బ్రదుకుటలో చిన్నతన మేమున్నది? చిన్నతన మేదైన నున్నచో, అంతటివానికి వార్ధక్యమున నిశ్చింత కల్పింపలేని వ్యవస్థకే అది చెందును.

తొలి కంగారూ జట్టులో చిట్టచివరివరకు జీవించినవాడు రోజెన్‌ఫెల్డ్. 1970 సెప్టెంబరు 4వ తేదీన, 85వ యేట హడర్స్‌ఫీల్డ్‌లోనే కన్నుమూసెను. 1988లో బ్రిటిష్ రగ్బీ లీగ్ కీర్తిమందిరమును నెలకొల్పినప్పుడు తొలి వరుసలోనే అతని పేరు చేర్చిరి. మన విద్యార్థులు 80 అను సంఖ్యను జ్ఞాపక ముంచుకొన్నచో మంచిదే. దానితోపాటు, బంతి నందించిన తోటివారి చేతులను, ఆట ముగిసిన తరువాత తలవంచక చెత్తబండి పగ్గములు పట్టిన ఆ చేతులను గూడ జ్ఞాపక ముంచుకొనవలెను.