రేషను కచేరి గుమాస్తా

యుద్ధమనగా ఫిరంగులును, సేనానులును జ్ఞప్తికి వచ్చుట సహజము. కాని రణరంగమునకు బహుదూరమున, ధాన్యపు గాదెలయొద్దను, అంగళ్లయొద్దను సాగు పోరాటము వేరొకటి కలదు. దామోదరం సంజీవయ్యగారి యౌవనము ఆ పోరాటము నడుమ గడచినది.

ఆయన 1921 ఫిబ్రవరి 14వ తేదీన కర్నూలు చెంతగల పెదపాడు గ్రామమున దళిత కుటుంబమున జన్మించిరి. సొంత భూమి లేదు, కూలియే జీవనాధారము. పసితనముననే తండ్రి గతించెను. మేనమామ యింట పాలకుర్తిలో పశువులను కాచిన ఆ బాలునికి అన్నగారి యండతో చదువు సాగెను. కర్నూలు మునిసిపల్ హైస్కూలున చదువు ముగించి, 1938లో అనంతపురము దత్తమండల కళాశాలలో చేరి గణితశాస్త్రము నభ్యసించిరి.

మరుసటి సెప్టెంబరున యుద్ధము ప్రారంభమాయెను. ప్రజాప్రతినిధుల నడుగకయే ఆంగ్ల ప్రభుత్వము భారతదేశమును అందు దింపగా, అక్టోబరులో మద్రాసు కాంగ్రెసు మంత్రివర్గము రాజీనామా నిచ్చెను. 1942 మార్చిలో రంగూను పతనముతో బర్మా బియ్యము రాక నిలిచిపోయెను. జొన్నలు, కొర్రలు తిని బ్రదుకు రాయలసీమకు బర్మా బియ్యముతో పనియేమని కొందరు శంకింపవచ్చును. ఒక ధాన్యము కరవైనచో తక్కిన ధాన్యముల ధరలును పెరుగును. పండించువానికంటె కొనితినువాడే ముందుగా నలిగిపోవును. కూలివాని బిడ్డ ఈ సూత్రమును పుస్తకమున చదువ నక్కరలేదు.

ఆ 1942లోనే సంజీవయ్యగారు పట్టభద్రులైరి. పట్టా చేతికి వచ్చెను గాని స్థిరమైన యుద్యోగము రాలేదు. చిల్లర కొలువులలో కొంతకాలము గడచెను. 1944లో ప్రభుత్వము పట్టణములలో రేషను పద్ధతి ప్రవేశపెట్టగా, నాడు మద్రాసు రాష్ట్రమున నుండిన బళ్ళారి రేషను కచేరిలో 48 రూపాయల నెలజీతముపై గుమాస్తా పని దొరకెను.

ఆ కొలువు చిన్నదే, కాని దాని ధర్మము చిన్నది కాదు. మనిషి కింత యను కొలత రేషను పద్ధతికి ప్రాణము. దాచినవానికి లాభము, కొనలేనివానికి ఆకలి యను సంత న్యాయమునకు అది విరుగుడు. కార్డులో వ్రాసిన సంఖ్య సరియైనచో కుటుంబమునకు గింజలు చేరును. తప్పినచో ఆ పూట పొయ్యి వెలుగదు.

పిమ్మట ఆయన మద్రాసున న్యాయశాస్త్రము చదివి, రాజకీయములలో ప్రవేశించిరి. 1960 జనవరి 11వ తేదీన ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రియైరి. భారతదేశమున ఆ పదవి నధిష్ఠించిన మొదటి దళితుడు ఆయనయే. ఆయన పాలనలోనే వృద్ధులకు పింఛను ఏర్పడెను. 1972 మే 7వ తేదీన, కాంగ్రెసు అధ్యక్షులుగా నుండగనే, పరమపదించిరి.

గాదెలు గల పాఠకులు ఈ జీవితమునుండి గ్రహింపదగిన దొకటి కలదు. కరవునాడు ప్రతి నోటికి నింత యని లెక్కించుట ప్రభుత్వధర్మమైనచో, చెమటోడ్చి చేతులుడిగిన ముదుసలికి నింత యని లెక్కించుటయు నా ధర్మమే. అది దానము కాదు. అతడు మన పొలములలో చేసిన పనికి మిగిలిపోయిన బాకీ.