చిన్నతనమంతా షూటింగ్‌లే.. 38 ఏళ్లకే మృత్యువు! మీనా కుమారి జీవితం చెప్పే ఆరోగ్య పాఠం

బాలీవుడ్ ‘ట్రాజెడీ క్వీన్’ మీనా కుమారి అనగానే చాలామందికి మద్యమే గుర్తొస్తుంది. తాగుడే ఆమె ప్రాణం తీసిందంటారు. అయితే ఆమె కష్టాలు అంతకు చాలా ఏళ్ల ముందు, పసితనంలోనే మొదలయ్యాయి.

1933 ఆగస్టు 1న బొంబాయిలో పుట్టిన ఆమె అసలు పేరు మహజబీన్ బానో. తండ్రి అలీ బక్ష్ పార్సీ నాటకాల్లో హార్మోనియం వాయించేవారు. తల్లి ఇక్బాల్ బేగం రంగస్థల నటి. మళ్లీ ఆడపిల్లే పుట్టిందని, పైగా చేతిలో డబ్బుల్లేవని తండ్రి ఆ పసికందును అనాథాశ్రమం దగ్గర వదిలేశారని, మనసొప్పక కొద్ది గంటలకే తిరిగి తెచ్చుకున్నారని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇల్లు గడవాలంటే పాప నటించాల్సిందే! 1939లో విజయ్ భట్ తీసిన ‘లెదర్ ఫేస్’తో తెరపైకి వచ్చింది. బడికెళ్లాలని ఉన్నా చదువు సాగలేదు. ఆటపాటల వయసులోనే ఇంటి బరువు మోసింది. 1947లో తల్లి చనిపోయేనాటికి ఆమెకు 13 ఏళ్లే.

1952లో ‘బైజు బావ్రా’తో స్టార్ అయ్యారు. నాలుగు ఫిల్మ్‌ఫేర్ అవార్డులు గెలిచారు. కానీ రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. దర్శకుడు కమల్ అమ్రోహీతో కాపురం కూడా నిలవలేదు, 1964లో విడిపోయారు. నిద్ర కోసమని మొదలైన కొద్దిపాటి బ్రాందీ క్రమంగా వ్యసనమైంది. 1968లో లివర్ సిర్రోసిస్ బయటపడింది. విదేశాల్లో చికిత్స చేయించుకుని వచ్చి మళ్లీ నటించారు. 1972 ఫిబ్రవరిలో ‘పాకీజా’ విడుదలైంది. రెండు నెలలు తిరగకుండానే మార్చి 31న ఆమె కన్నుమూశారు.

చిన్నప్పటి గాయాలకు, పెద్దయ్యాక వచ్చే జబ్బులకు లింకేంటి? 1998లో అమెరికా వైద్యులు ఫెలిట్టి, ఆండా ప్రచురించిన అధ్యయనం దీనిపైనే. బాల్యంలో హింస, నిర్లక్ష్యం, ఇంట్లో కలతలు ఎంత ఎక్కువైతే పెద్దయ్యాక డిప్రెషన్, మద్యం వ్యసనం, గుండె, కాలేయ జబ్బుల ముప్పు అంత ఎక్కువని తేలింది. భయం, ఒత్తిడి ఏళ్ల తరబడి ఉంటే కార్టిసాల్ వంటి హార్మోన్లు అదుపు తప్పుతాయి. నిద్ర, రోగనిరోధక శక్తి దెబ్బతింటాయి. ఆ బాధ మర్చిపోవడానికి కొందరు మందు, సిగరెట్‌లకు అలవాటుపడతారు.

మీనా కుమారి జబ్బుకు బాల్యమొక్కటే కారణమని ఎవరూ తేల్చలేరు. కష్టాల్లో పెరిగినవాళ్లందరికీ జబ్బులు రావాలనీ లేదు. నేనున్నానని చెప్పే పెద్దదిక్కు ఒక్కరున్నా పిల్లలు చాలావరకు తేరుకుంటారని నిపుణులు అంటారు. పెద్దయ్యాకైనా కౌన్సెలింగ్ తీసుకోవచ్చు. అందుకే పిల్లాడికి నిద్ర పట్టకపోయినా, ఉన్నట్టుండి మాటలు తగ్గించేసినా తిట్టకండి. పక్కన కూర్చోబెట్టుకుని ఏమైందో అడగండి.