సోమదేవసూరి: పిండికోడిని కాచిన కరుణ వాడ దాకా రాలేదు

కరీంనగర్ నుంచి జగిత్యాల పోయే తోవలో గంగాధర వస్తుంది. ఇప్పుడది మండల కేంద్రం. వెయ్యేళ్ల కింద రాజు కొలువున్న ఊరు. క్రీ.శ. 959లో ఆ ఊళ్లో ఒక జైన ముని సంస్కృతంలో పెద్ద గ్రంథమొకటి రాసి ముగించాడు. గ్రంథం యశస్తిలక చంపువు. ముని సోమదేవసూరి. గ్రూప్స్ పరీక్షలకు చదివే విద్యార్థులకు ఈ పేరు కొత్త కాదు. వేములవాడ చాళుక్యుల పాఠంలో ఒక మార్కు జవాబుగా కనిపిస్తాడు. ఆ ఒక్క మార్కు దగ్గరే ఆయన్ని వదిలేస్తున్నాం.

వదిలేయకూడదని మేం అనుకుంటున్నాం. మతాల మధ్య సామరస్యానికి కరుణే పునాది అని ఇవాళ ప్రతి సభలోనూ వింటున్నాం. నిన్ను నువ్వు చూసుకున్నట్టే ఎదుటి మనిషినీ చూడు అన్న నీతి అన్ని మతాల్లోనూ ఉందని చెబుతున్నారు. ఆ నీతిని మన నేల మీద వెయ్యేళ్ల కిందే సూత్రంగా రాసినవాడు సోమదేవుడు. ఆ నీతి ఎక్కడిదాకా వచ్చి ఆగిపోతుందో కూడా ఆయన రాతల్లోనే కనిపిస్తుంది. ఆయన జీవితాన్ని అందుకే ఇక్కడ చెప్పుకుంటున్నాం.

10వ శతాబ్దంలో నేటి కరీంనగర్ ప్రాంతాన్ని సబ్బినాడు అనేవారు. ఏలినవాళ్లు వేములవాడ చాళుక్యులు. వాళ్లు రాష్ట్రకూటులకు సామంతులు. ఈ వంశంలో బద్దెగుడనే రాజు వేములవాడలో కట్టించిన శివాలయమే నేటి భీమేశ్వరాలయమని చరిత్రకారులు చెబుతారు. ఆ వంశంలోనే తర్వాత వచ్చిన రెండో అరికేసరి కొలువులో కన్నడ ఆదికవి పంప ఉన్నాడు. పంప జైనుడు. ఆయన తమ్ముడు జినవల్లభుడు ఇదే గంగాధర మండలంలోని కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద జైన దేవతల బొమ్మలు చెక్కించి, సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషల్లో శాసనం వేయించాడు. తెలుగు కంద పద్యాల తొలి ఆనవాళ్లు ఆ బండ మీదే ఉన్నాయి. శివుణ్ణి కొలిచే రాజులు, జైన కవులు, మూడు భాషల బండ. సోమదేవుడు వచ్చి చేరింది ఇలాంటి సీమకు.

ఆయన గురువు నేమిదేవుడు. గురువుకు గురువు యశోదేవుడు. తన గురువు వాదంలో 93 మంది పండితులను ఓడించాడని సోమదేవుడు గొప్పగా చెప్పుకున్నాడు. శిష్యుడూ తక్కువవాడు కాదు. తార్కిక చక్రవర్తి అనీ, వాదులనే ఏనుగుల పాలిటి సింహమనీ బిరుదులు పొందాడు. ఆ రోజుల్లో వేర్వేరు మతాల పండితులు రాజసభల్లో ఎదురెదురుగా కూర్చుని తర్కించుకునేవారు. సోమదేవుడు ఆ సభల్లో ఆరితేరాడు. శైవుల మీద, కాపాలికుల మీద, బౌద్ధుల మీద ఘాటుగానే విమర్శలు రాశాడు. ఆయనది అందరినీ మెచ్చుకుంటూ పోయే మెత్తని సామరస్యం కాదు. మాటతో ఎదిరించాడు, మాటతోనే ఆగాడు.

యశస్తిలకం ముగిసేనాటికి రెండో అరికేసరి పెద్దకొడుకు వాగరాజు గంగాధరలో ఉన్నాడు. సార్వభౌముడు రాష్ట్రకూట మూడో కృష్ణుడు చోళ, పాండ్య దేశాలను గెలిచి మేల్పాడి దగ్గర సేనతో విడిది చేసి ఉన్నాడు. ఈ వివరాలు సోమదేవుడే గ్రంథం చివర రాసుకున్నాడు. పైవాడు యుద్ధం గెలిచి విడిది చేసిన వేళ, కిందివాడి రాజధానిలో ఈ ముని హింస వద్దనే కథ ముగించాడు. తర్వాత బద్దెగుడనే పేరున్న మరో రాజు సోమదేవుని కోసం వేములవాడలో శుభధామ జినాలయం కట్టించాడు. ఆయన కొడుకు మూడో అరికేసరి 966లో ఆ జినాలయం మరమ్మతులకు, పూజలకు రేపాక-12 విభాగంలోని ఒక ఊరిని దానం చేశాడు. ఆ తామ్రశాసనం మహారాష్ట్రలోని పర్భణిలో దొరికింది.

యశస్తిలకంలోని కథ ఇది. మారిదత్తుడనే రాజు ఒక కాపాలిక గురువు మాట నమ్మి చండమారి దేవతకు అన్ని రకాల ప్రాణులను జంటలు జంటలుగా బలి ఇవ్వబోతాడు. మనుషుల జంట కూడా కావాలంటాడు. భిక్షకు వచ్చిన ఇద్దరు పసివాళ్లను, అన్నాచెల్లెళ్లను, భటులు పట్టుకొస్తారు. ఆ పిల్లలు భయపడకుండా తమ పాత జన్మల కథ చెబుతారు. ఒక జన్మలో వాళ్లు ఉజ్జయిని రాజు యశోధరుడు, అతని తల్లి. తనకు పీడకల వచ్చిందని రాజు చెబితే, దోషం పోవడానికి బలి ఇవ్వాలని తల్లి పట్టుబడుతుంది. ప్రాణం తీయనని కొడుకు మొండికేస్తాడు. చివరికి మధ్యేమార్గంగా పిండితో కోడిని చేసి దాని మెడ కోస్తారు. రాలింది పిండే, నెత్తురు కాదు. అయినా చంపాలన్న తలపు పాపమే అంటాడు సోమదేవుడు. ఆ తల్లీకొడుకులు నెమలిగా, కుక్కగా, మేకగా, కోడిగా పుట్టి, ప్రతి జన్మలోనూ వేరొకరి చేతిలో చస్తారు. తాము పెట్టబోయిన బాధను తామే మోస్తారు. ఈ కథ విని మారిదత్తుడు కత్తి దించుతాడు.

చేయబోయే పనిని చేయించుకునేవాడి వైపు నుంచి చూడమనడమే ఈ కథ సారం. ఇదే మాటను ఆయన నీతివాక్యామృతంలో సూటిగా చెప్పాడు. అది రాజనీతి గ్రంథం, 32 అధ్యాయాలు. కౌటిల్యుని అర్థశాస్త్రం దానికి మూలం. జైన ముని రాసినా ఆ పుస్తకం తీర్థంకరునికి మొక్కి మొదలవదు, రాజ్యానికి మొక్కి మొదలవుతుంది. రాజ్యం ఏ ఒక్క మతానిదీ కాదన్నట్టు ఉంటుంది ఆ ఆరంభం. ధర్మాన్ని పొందే దారుల్లో మొదటిది, తన మేలు ఎలా కోరుకుంటామో ఎదుటివాని మేలూ అలాగే కోరుకోవడం అని రాశాడు. ప్రాణులన్నిటి పట్ల సమభావం కంటే పెద్ద ఆచారం లేదన్నాడు. ప్రాణులకు ద్రోహం చేసేవాడికి ఏ పూజా మేలు చేయదన్నాడు. ఎవరికి ఏ దేవుడి మీద నమ్మకముందో వాళ్లు ఆ దేవుణ్ణే ప్రతిష్ఠించుకోవచ్చన్నాడు. ఏ మతం సన్యాసి తప్పు చేసినా వాళ్ల శాస్త్రం ప్రకారమే ప్రాయశ్చిత్తం ఉండాలన్నాడు. ధర్మం ఎండలాగా అందరికీ ఒకటే అన్నాడు.

బడిలో చదువుకున్న తిక్కన పద్యం గుర్తున్నవాళ్లకు ఈ నీతి తెలిసిందే. ఇతరులు చేస్తే మనకు ఏది నచ్చదో దాన్ని మనం ఇతరులకు చేయకపోవడమే పరమ ధర్మమని ఆ పద్యం చెబుతుంది. తిక్కన కంటే దాదాపు మూడు వందల ఏళ్ల ముందువాడు సోమదేవుడు. బుద్ధుడు, ఏసు, ముహమ్మద్ ప్రవక్త కూడా తమ తమ మాటల్లో ఇదే చెప్పారు.

ఇక్కడితో ఆపితే సోమదేవుడు ఏ సామరస్య సభకైనా పనికొచ్చే మహనీయుడు. కానీ ఇక్కడితో ఆపితే ఆయన్ని సగమే చదివినట్టు.

యశస్తిలకం చివరి భాగం జైన గృహస్థుల ఆచారాల గురించి. అందులో మునికి ఒక నియమం ఉంది. కాపాలికుణ్ణి, ముట్టులో ఉన్న స్త్రీని, చండాలుణ్ణి, శబరుణ్ణి తాకితే ముని నిలువునా స్నానం చేయాలి, ఉపవాసం ఉండి మంత్రం జపించాలి. ఈ నలుగురు ఎవరో చూడండి. ఒకడు పరాయి మతం వాడు. ఒకరు ఆడమనిషి. ఒకడు ఊరి బయట ఉండేవాడు, నేటి మాటల్లో దళితుడు. ఒకడు అడవి మనిషి, మన ఆదిలాబాద్ గోండులూ కోలాములూ ఆ వరసలోకే వస్తారు. పిండికోడికి కూడా నొప్పి ఉందన్నట్టు రాసిన చేయే, బతికున్న మనిషిని తాకితే మైల అని రాసింది.

నీతివాక్యామృతంలోనూ అంతే. నడత, పాత్రలు, ఒళ్లు శుభ్రంగా ఉంటే శూద్రుడు కూడా దేవుడి సేవకు అర్హుడే అని తలుపు కొంచెం తెరిచాడు. శుభ్రమో కాదో తేల్చేది మాత్రం ఆ తలుపు లోపలివాళ్లే. అన్ని వర్ణాలకూ సమానమైన ధర్మాలంటూ ఒక జాబితా ఇచ్చాడు. క్రూరత్వం వద్దు, అబద్ధం వద్దు, పరుల సొమ్ము వద్దు అని చెబుతూ, అదే వరసలో పైకులం స్త్రీ కిందికులం పురుషుణ్ణి పెళ్లాడకూడదని చేర్చాడు. క్రూరత్వం వద్దన్న వాక్యంలోనే పరువు హత్యకు విత్తనం ఉంది.

ఆ కాలమే అంతది, ఇప్పటి కొలతతో కొలవొద్దు అనేవాళ్లు ఉంటారు. ఆ కాలం కొలతతోనే కొలుద్దాం. సోమదేవునికి ఒక తరం ముందు, ఇదే వేములవాడ కొలువులో, ఇదే జైన మతంలో ఉన్న పంప తన ఆదిపురాణంలో మనుషులంతా ఒక్కటే జాతి అని రాశాడు. అంటే ఆ ఆలోచన అప్పటికే ఈ నేల మీద ఉంది.

అంతకు 1,400 ఏళ్ల ముందు చూసినా అంతే. సుత్తనిపాతంలో బావరి కథ ఉంది. గోదావరి ఒడ్డున ఉండే ఆ వృద్ధ బ్రాహ్మణుడు తన 16 మంది శిష్యులను ప్రశ్నలతో బుద్ధుని దగ్గరికి పంపాడు. ఆయన ఉన్న చోటు పాత ఆదిలాబాద్ జిల్లాలోని బాదనకుర్తి అని చరిత్రకారులు గుర్తించారు. ఆ శిష్యులు వెతుక్కుంటూ పోయిన బుద్ధుడు వీధులూడ్చే సునీతుణ్ణి సంఘంలో చేర్చుకున్నాడు. ఆయన శిష్యుడు ఆనందుడు చండాల పిల్ల ప్రకృతి చేతి నీళ్లు అడిగి తాగాడు. బాబాసాహెబ్ అంబేడ్కర్ బుద్ధుడు-ధమ్మం గ్రంథంలో ఈ కథలను ఏరి మరీ చెప్పింది అందుకే. సోమదేవుని ముందు రెండు దారులూ ఉన్నాయి. ఆయన ఒకటి ఎంచుకున్నాడు.

ఇంత పాత ముచ్చట ఇప్పుడెందుకంటే, ఆ ఎంపిక ఇంకా మన మధ్యే ఉంది. వేములవాడ రాజన్న గుడి ప్రాంగణంలో దర్గా ఉంది. కోడె మొక్కు చెల్లించినవాళ్లు దర్గాకూ మొక్కుకోవడం తరతరాల ఆనవాయితీ. అది మన ఉత్తర తెలంగాణ గర్వపడే విషయం. దాన్ని కాపాడుకోవాలి. అయితే దేవుడూ దర్గా ఒకే ప్రాంగణంలో సర్దుకున్న ఈ నేల మీదే, ఊరి గుడిలోకి వాడ మనిషి వస్తే గొడవయ్యే ఊళ్లున్నాయి. సామరస్య వేదిక మీద పూజారి, ఇమాం, పాస్టర్ చేతులు కలుపుతారు. వేదిక కిందికి చూస్తే, అదే ఊళ్లో హోటల్ గ్లాసు, శ్మశానం, బతుకమ్మ ఆడే చోటు కులాన్ని బట్టి వేరుగా ఉండొచ్చు. మతాల పెద్దలు కలిసినంత మాత్రాన ఊరూ వాడా కలవవు.

జీవకారుణ్యం పేరుతో మరొకటి జరుగుతోంది. పశువు మీద దయ చూపించి, ఆ పశువు మాంసం తినే మనిషిని, చచ్చిన పశువును మోసి తోలు తీసే మనిషిని నీచంగా చూస్తున్నారు. సోమదేవుని కథలో పిండికోడికి దక్కిన చోటు ఆయన నియమంలో చండాలునికి దక్కలేదు కదా, ఇది కూడా అదే లెక్క. కరుణ కిందికి చూసే చూపుగా ఉన్నంతకాలం ఎవరి మీద కురవాలో, ఎవరి మీద కురవకూడదో కరుణించేవాడే తేలుస్తాడు.

1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల వరస చూడండి. మనుషులంతా సమానమని నమ్ముతాను అన్నది తొమ్మిదోది. సమానత్వాన్ని నెలకొల్పడానికి పాటుపడతాను అన్నది పదోది. సకల ప్రాణుల మీద దయ ఆ తర్వాత పదమూడోది. సమానత్వం ముందు వచ్చింది, కరుణ దాని వెనక వచ్చింది. ఆ వరస తప్పితే ఏమవుతుందో సోమదేవుని జీవితం చెబుతుంది. అంటరానితనాన్ని రద్దు చేసిన రాజ్యాంగం 17వ అధికరణ, 1989 అత్యాచారాల నిరోధక చట్టం ఎవరి దయ కోసమూ అడగవు. అవి హక్కు గురించి మాట్లాడతాయి.

సోమదేవుణ్ణి చెరిపేయమని మేం అనడం లేదు. ఆయన మన కరీంనగర్ వాడు. మతం వేరైనా మాటతోనే తేల్చుకోవాలన్నవాడు, ఎవరి దేవుణ్ణి వాళ్లను కొలవనివ్వమన్నవాడు. ఆ మాట ఈ రోజుల్లో చాలామంది వినాలి. తన మేలులాగే ఎదుటివాని మేలు అన్న ఆయన సూత్రాన్ని మనం తీసుకుందాం. ఎదుటివాడు అన్న ఆ మాటలోకి ఆయన రానివ్వని నలుగురినీ రానిద్దాం. ఈసారి పరీక్షలో ఆయన పేరు వస్తే మన విద్యార్థులు జవాబు గుర్తించి మార్కు తెచ్చుకోవాలి. బయటికొచ్చాక, ఆయన స్నానం చేయమన్నది ఎవర్ని తాకితేనో కూడా నలుగురికీ చెప్పాలి.